ఫిట్ రిపోర్టు సముద్రం దాటుతది.. రోగం రిపోర్టు ఎందుకు దాటదు?

గల్ఫ్ పోయే మనిషి ఇంకా విమానం ఎక్కకముందే ఆయన ఒంటి లెక్క అక్కడికి చేరుతది. ఛాతి ఎక్స్‌రే, నెత్తురు, మూత్రం, హెచ్ఐవీ, హెపటైటిస్.. అన్ని పరీక్షలు ఇక్కడ్నే అయితయ్. రిజల్టు ‘వాఫిద్’ అనే ఆన్‌లైన్ సిస్టంల ఎక్కుతది. ‘ఫిట్’ అని వస్తే వీసా ముంగటికి జరుగుతది. ‘అన్‌ఫిట్’ అని వస్తే ఆడికే ఆగుతది. పాతోళ్లకు ‘గమ్కా మెడికల్’ అంటే తెలుస్తది, గదే ఇది. రియాద్‌ల ఉన్న గల్ఫ్ హెల్త్ కౌన్సిల్ దీన్ని నడిపిస్తది.

అదే మనిషి పదేండ్లు అక్కడ ఎండల పనిచేసి, కిడ్నీలు ఖరాబై, లేకపోతే గుండెకు స్టెంట్ వేయించుకొని తిరిగొస్తే? ఆయన వెంట వచ్చేది ఒక ప్లాస్టిక్ కవర్. దాంట్ల సగం అరబ్బీల, సగం ఇంగ్లిష్‌ల రాసిన నాలుగు కాగితాలు, ఒక సీడీ, సగం అయిపోయిన గోలీల పట్టీ. కొందరికి అది కూడా ఉండదు. కంపెనీ క్యాంపుల్నే మర్చిపోతరు, లేకపోతే ఎవ్వరూ ఇయ్యరు.

అంటే ఇండియాకు, గల్ఫ్‌కు నడుమ ఆరోగ్య సమాచారం పోయే పైపు లేదనేటిది అబద్ధం. పైపు ఉంది. కాకపోతే ఒక్క దిక్కే పారుతది. మన ఒళ్లు పనికొస్తదా రాదా అని వాళ్లకు తెల్వాల్సినప్పుడు సమాచారం నిమిషాలల్ల పోతది. ఆ ఒంటికి ఏమైందో మనకు తెల్వాల్సినప్పుడు మాత్రం సముద్రం అడ్డమొస్తది. ఈ రెండో దిక్కు పైపు ఎట్ల కట్టాలె, ఎవరి చేతుల పెట్టాలె అన్నదే నేను ఇక్కడ రాస్తున్న. ఇదేదో సాఫ్ట్‌వేరోళ్ల ముచ్చట అనుకొని వదిలేస్తే, కట్టేటోళ్లు వాళ్లకు అనుకూలంగనే కట్టుకుంటరు.

కవర్‌ల ఉన్న కాగితం ఏం జెప్తది?

మా జగిత్యాల దిక్కు గల్ఫ్ నుంచి వచ్చినోళ్ల కాగితాలు నా ముంగట పెట్టి ‘ఏముందో జర సదువు’ అనెటోళ్లు మస్తు మంది. నేను డాక్టర్‌ను కాదు. ఇంగ్లిష్ సదవొస్తదని ఇస్తరు అంతే. అట్ల సూసిన కాగితాలల్ల నాకు కనవడ్డది ఏందంటే, భాష ఒక్కటే సమస్య కాదు. అంకె కూడా సమస్యనే.

మన దగ్గర షుగర్ 180 అంటే ఎక్కువుందని అందరికి ఎరుకే. అక్కడ చాలా దవాఖానల్ల వేరే కొలతల రాస్తరు. అదే షుగర్ అక్కడ 10 అయితది. 18తోని గుణిస్తే గానీ మన లెక్కకు రాదు. మన తాత ‘షుగర్ పదే ఉంది, మంచిగనే ఉంది’ అనుకుంటడు. కిడ్నీ పరీక్షల క్రియాటినిన్ ఇంకా గోస. మన లెక్కల 5 అంటే కిడ్నీ బాగ దెబ్బతిన్నట్టు. అక్కడి కొలతల అదే 442 అని ఉంటది. 88.4తోని భాగిస్తే 5 వస్తది. పెద్ద డాక్టర్లకు ఇది తెల్వదని కాదు. కానీ రాత్రి పది గంటలకు ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికో, టౌన్ల క్యాజువాలిటీకో పోయినప్పుడు కాగితం మీద కొలత పేరు సగం చెరిగిపోయి ఉంటే ఎవరు ఆలోచిస్తరు? మళ్ల మొదటి నుంచి పరీక్షలు రాస్తరు. పైసలు పోతయ్, పొద్దు పోతది.

గోలీల పేర్లు కూడా అంతే. అక్కడ పనడోల్ అన్నది ఇక్కడ డోలో. జ్వరం గోలి అయితే తప్పినా పెద్ద నష్టం లేదు. నెత్తురు పలుచన చేసే మందు, మూర్ఛ మందు, స్టెంట్ వేసినంక వాడే మందు, వీటి పేర్లు తెల్వక నడుమ ఆపేస్తే పాణం మీదికే వస్తది. స్టెంట్ ఎప్పుడు వేసిండ్రు, ఎన్ని వేసిండ్రు, ఏ మందు పడదు అన్న మూడు ముక్కలు సక్కగ తెలిస్తే ఇక్కడి డాక్టర్ పని సగం తప్పుతది.

‘ఇంటర్‌ఆపరబిలిటీ’ అనే పెద్ద మాటకు అసలు అర్థం గదే. ఒక దేశం దవాఖాన కంప్యూటర్ రాసిన దాన్ని ఇంకో దేశం దవాఖాన కంప్యూటర్ సదవాలె. సదువుడు ఒక్కటే కాదు, అర్థం కూడా మారొద్దు. ఫొటో తీసి వాట్సాప్‌ల పంపితే సమాచారం చేరుతది గానీ, కొలత మారదు, మందు పేరు మారదు, అది నిజమైన కాగితమో కాదో తెల్వదు.

యూరప్‌ల ఎట్ల జేసిండ్రు?

ఇది అయ్యే పనా అని అడిగెటోళ్లకు ఒక ముచ్చట. ఫిన్లాండ్, ఎస్టోనియా నడుమ 80 కిలోమీటర్ల సముద్రం. రెండు దేశాల భాషలు వేరు. 2019 జనవరిల ఫిన్లాండ్ డాక్టర్ కంప్యూటర్‌ల రాసిన మందుల చిట్టి మీద ఎస్టోనియా మెడికల్ షాపుల మందులు ఇచ్చుడు షురూ అయింది. మనిషి తన గుర్తింపు కార్డు సూపిస్తడు. షాపాయన తన దేశం సిస్టంను అడుగుతడు. ఆ సిస్టం ఫిన్లాండ్ సిస్టంను అడుగుతది. చిట్టి వస్తది, మందు ఇస్తరు, ‘ఇచ్చినం’ అన్న ముచ్చట మళ్ల ఫిన్లాండ్‌కు పోతది. కాగితం లేదు, కవర్ లేదు.

దాని ఎనక ఉన్న పద్ధతిని ‘మైహెల్త్ ఎట్ ఈయూ’ అంటరు. దాని డిజైన్‌ల గమనించాల్సిన సంగతి ఒకటుంది. అన్ని దేశాల రోగుల లెక్కలు తెచ్చి ఒక్క పెద్ద కంప్యూటర్‌ల కుప్ప పొయ్యలేదు. ఎవరి లెక్కలు వాళ్ల దగ్గర్నే ఉంటయ్. ఒక్కో దేశానికి ఒక్క దర్వాజ పెట్టిండ్రు. బయటి దేశం అడిగితే ఆ దర్వాజ కాడనే అడగాలె. అడిగిన దవాఖాన అసలైందేనా, మనిషి ఒప్పుకున్నడా అన్నది ఆడ సూస్తరు. రోగాల పేర్లు, మందుల పేర్లకు అందరికి ఒక్కటే కోడ్ పట్టీ పెట్టుకున్నరు. అక్కడి డాక్టర్ తన భాషల రాస్తడు, కంప్యూటర్ దాన్ని కోడ్ చేస్తది, ఇక్కడి డాక్టర్‌కు తన భాషల కనవడుతది.

దాన్ని ఇప్పుడు చట్టం చేసిండ్రు. ‘యూరోపియన్ హెల్త్ డేటా స్పేస్’ చట్టం 2025 మార్చి 26న అమల్లకు వచ్చింది. రోగి సంక్షిప్త లెక్క, మందుల చిట్టి 2029 మార్చి వరకు అన్ని సభ్య దేశాల నడుమ పోవాలె. స్కానింగ్ బొమ్మలు, ల్యాబ్ రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలకు 2031 మార్చి దాక గడువు ఇచ్చిండ్రు. నా రికార్డు ఎవరు తెరిచి సూసిండ్రు అని తెలుసుకునే హక్కు కూడా ఆ చట్టంల ఉంది.

చట్టం, పైసలు, ఒక్కటే పార్లమెంటు ఉన్న యూరప్‌కే ఇన్నేండ్లు పట్టింది. గల్ఫ్‌కు, మనకు నడుమ అసొంటి ఉమ్మడి పార్లమెంటు లేదు, ఉమ్మడి కోర్టు లేదు. అందుకని యూరప్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోవాల్నంటే మన జీవితకాలంల కాదు. దాని నుంచి తీసుకోవాల్సిన సోయి వేరే ఉంది. కుప్ప పొయ్యొద్దు, చిన్నగ షురూ జెయ్యాలె, ముందు సంక్షిప్త లెక్కతోని మొదలువెట్టాలె.

మన దగ్గర ఏముంది, వాళ్ల దగ్గర ఏముంది?

మన దేశంల ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబర్ 27న దేశమంతట షురూ అయింది. దాంట్లదే 14 అంకెల ఆభా నంబర్. 70 కోట్లు దాటి నంబర్లు ఇచ్చిండ్రు. దీని డిజైన్ కూడా కుప్ప పోసేటిది కాదు. రికార్డు దవాఖాన దగ్గర్నే ఉంటది. ఇంకో దవాఖాన అడిగితే మీ ఫోన్‌కు అడుగు వస్తది. ఏ రికార్డు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాక, ఎందుకు, ఎన్ని రోజులు అని రాసి ఉంటది. మీరు ఒప్పుకుంటేనే పోతది. కాగితం మీద సూస్తే మంచి పద్ధతే. నంబర్ ఉన్నంత మాత్రాన దానికి రికార్డులు జోడయినట్టు కాదన్నది వేరే సంగతి.

మన రాష్ట్రంల 2022 మార్చిల ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలల్ల హెల్త్ ప్రొఫైల్ పైలట్ పెట్టిండ్రు. ఇల్లిల్లు తిరిగి బీపీ, షుగర్, నెత్తురు పరీక్షలు రాసుకున్నరు. సిరిసిల్ల అంటే గల్ఫ్ జిల్లా. ఇంట్ల ఉన్న అవ్వ లెక్క ఎక్కింది. దుబాయ్‌ల ఉన్న కొడుకు లెక్క ఎట్ల ఎక్కుతది?

గల్ఫ్ దేశాలు ఈ విషయంల ఎనకవడి లేవు. అబుదాబిల ‘మలాఫీ’, దుబాయ్‌ల ‘నబిద్’ అనే సిస్టంలు అక్కడి దవాఖానల రికార్డులను కలుపుతయ్. సౌదీల ‘సెహ్హతీ’ యాప్ ఉంది, ల్యాబ్ రిపోర్టులు, మందులు ఫోన్‌ల్నే కనవడుతయ్. అంటే మనోడి రికార్డు అక్కడ కంప్యూటర్‌ల లేక కాదు. ఉంది. కానీ అది ఇకామా నంబర్ మీద నడుస్తది. ఇకామా అక్కడ ఉండేటందుకు ఇచ్చిన గుర్తింపు. మనిషి తిరిగొచ్చేసినంక ఆ గుర్తింపే ఖతం.

ఇగ చట్టం. యూఏఈల 2019 నాటి ఆరోగ్య సమాచార చట్టం ప్రకారం అక్కడి ఆరోగ్య సమాచారాన్ని దేశం బయట దాచుడు, పంపుడు మామూలుగ కుదరదు. 2021ల కొన్ని మినహాయింపులు ఇచ్చిండ్రు. మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అటుదిటు ఉంది. కేంద్రం వద్దన్న దేశాలకు తప్ప మిగతా దేశాలకు సమాచారం పంపొచ్చు అంటది. దాని నియమాలు 2025 నవంబర్‌ల వచ్చినయ్. అసలు బాధ్యతలు అమల్లకు వచ్చెటందుకు 18 నెలల గడువు ఇచ్చిండ్రు. అంటే మన దర్వాజ బార్లా తెరిచి ఉంది, వాళ్ల దర్వాజకు తాళం ఉంది. పైపు ఒక్క దిక్కే పారుడు యంత్రం తప్పు కాదు, చట్టాల వాలు కూడా అటే ఉంది.

పైసల ముచ్చటకు వచ్చేసరికి మాత్రం రెండు ప్రభుత్వాలకు తొవ్వ దొరికింది. 2023 జులైల మన రిజర్వ్ బ్యాంక్, యూఏఈ కేంద్ర బ్యాంక్ ఒప్పందం రాసుకున్నయ్, మన యూపీఐని అక్కడి చెల్లింపుల సిస్టంతోని కలిపెటందుకు. 2023-24ల బయటి దేశాల నుంచి మన దేశానికి 118.7 బిలియన్ డాలర్లు వస్తే, దాంట్ల 38 శాతం దాక ఆరు గల్ఫ్ దేశాలదే. ఆ పైసకు తొవ్వ కట్టినోళ్లు, ఆ పైస సంపాదించిన ఒంటికి తొవ్వ కట్టకపోవుడు ఇంజినీరింగ్ చేతగాక కాదు. ఎవరూ గట్టిగ అడగక.

హజ్ యాత్రల అయింది, కూలి బతుకుల కాదా?

గల్ఫ్‌ల ఇది కాదు అనెటోళ్లకు సౌదీల్నే జవాబుంది. 2024 హజ్ యాత్రల ఇండోనేషియా, మలేషియా, ఒమన్ యాత్రికులకు హజ్ హెల్త్ కార్డు పద్ధతి పెట్టిండ్రు. యాత్రికుడి రోగాలు, మందులు, పడని మందులు, వేసుకున్న టీకాలు ఒక సంక్షిప్త లెక్కల ఉంటయ్. యాత్రికుడు ఒప్పుకుంటే మక్కాల ఉన్న డాక్టర్ దాన్ని సదువొచ్చు. ఎనక ఉన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే డిజిటల్ ధ్రువీకరణ నెట్‌వర్క్. ఇది 2023 జూన్‌ల యూరప్ కొవిడ్ సర్టిఫికెట్ పద్ధతి మీద నిలవడ్డది.

ఈ నెట్‌వర్క్ ఎట్ల పనిచేస్తదో అర్థమైతే మన దారి కూడా అర్థమైతది. అది రోగి లెక్కను దాచుకోదు. దేశాల డిజిటల్ ముద్రల పట్టీని మాత్రమే దాచుకుంటది. మీ చేతుల ఉన్న క్యూఆర్ కోడ్ మీద ఏ దేశం ముద్ర ఉందో, అది అసలుదో నకిలీదో తేలుస్తది. మన పహాణీ మీద తహసీల్దార్ ముద్ర సూసినట్టే. ముద్ర సరిపోతే కాగితం నమ్ముతరు.

కొవిడ్‌ల మనం ఇదంతా సూసినం. 2021ల కొవిన్ సర్టిఫికెట్ మీద పాస్‌పోర్ట్ నంబర్ ఎక్కించుకునే ఏర్పాటు చేసిండ్రు. బ్రిటన్‌తోని పంచాయితీ వచ్చినప్పుడు పుట్టిన తారీఖు మొత్తం వచ్చేటట్టు సర్టిఫికెట్‌ను మార్చిండ్రు. ప్రభుత్వాలకు అక్కెర పడితే తారీఖు రాసే తీరు కూడా మారుతది. అక్కెర పడాలె, అంతే.

ఆ సంక్షిప్త లెక్కకు ప్రపంచమంతా ఒప్పుకున్న నమూనా కూడా ఇదివరకే ఉంది. ‘ఇంటర్నేషనల్ పేషెంట్ సమ్మరీ’ అంటరు. 2021ల అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. దాంట్ల తప్పకుండ ఉండాల్సినయ్ మూడే. ఏ రోగాలున్నయ్, ఏ మందులు వాడుతున్నడు, ఏవి పడవు. టీకాలు, ఆపరేషన్లు, ఒంట్ల పెట్టిన స్టెంట్ లాంటి సామాన్లు, ల్యాబ్ రిజల్టులు వీలైతే కలుపుకోవచ్చు. కంప్యూటర్ల నడుమ మాట్లాడే భాష ‘ఫైర్’. మన డిజిటల్ మిషన్ కూడా అదే భాష వాడుతది. రోగాల కోడ్ పట్టీ ‘స్నోమెడ్’ వాడెటందుకు మన దేశానికి హక్కు ఉంది. ఇంత సామాను తయారున్నంక ఇల్లు కట్టలేదంటే మేస్త్రీలు లేక కాదు.

అసలు భయం ఇక్కడుంది

ఇప్పటిదాక సదివినోళ్లకు ‘అయితే కలిపేస్తే అయిపాయె’ అనిపిస్తది. ఆగుండ్రి. కలిపినంక ఆ లెక్క ఎవరి చేతుల పడుతది?

గల్ఫ్‌ల ఆరోగ్య పరీక్ష అంటే వైద్యం కోసం చేసేటిది ఒకటి, వీసా కోసం చేసేటిది ఒకటి. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, టీబీ లాంటివి బయటపడితే పని పోయే చోట, రోగం దాచుకునుడు కూలోనికి బతుకుదెరువు అయితది. ఇప్పుడు ఇక్కడి ఆభా లెక్క మొత్తం అక్కడికి తెరిచి పెట్టినమనుకోండ్రి. ఐదేండ్ల కింద జగిత్యాలల టీబీ మందులు వాడి మంచిగైనోడు రేపు వీసా కాడ ఆగిపోతడు. షుగర్ ఉన్నోడిని కంపెనీ పక్కన పెడుతది. ఏజెంటు ‘ఆభా సూపియ్’ అని అడుగుతడు. ఒప్పుకుంటేనే పోతది అని యాప్‌ల రాసుంటది, నిజమే. కానీ అప్పు జేసి లక్షన్నర కట్టిన పిలగాడు ఏజెంటు ముంగట ‘ఒప్పుకోను’ అనగలుగుతడా? ఆ గుండీ నొక్కే వేలు ఆయనదే గానీ, ఆ ఒప్పుకోలు ఆయనది కాదు.

అందుకే నా మాట ఒక్కటే. వైద్యం పైపు, నౌకరి పైపు వేరేవేరేగ ఉండాలె. ఒకదాంట్ల నీళ్లు ఇంకోదాంట్లకు పారొద్దు. ఇది చట్టంల రాసుడే కాదు, డిజైన్‌ల్నే కట్టాలె. వైద్యం లెక్కను తెరిచే తాళంచెవి నమోదైన డాక్టర్‌కు, దవాఖానకే దొరకాలె. కంపెనీకి, ఏజెంటుకు, బీమా అమ్మెటోనికి, వీసా సెంటర్‌కు అసలు తాళంచెవే ఉండొద్దు. ఎవరు తెరిచినా రోగి ఫోన్‌కు తెలుగుల మెసేజ్ రావాలె.

దొంగతనం భయం కూడా ఉత్తదేం కాదు. 2022 నవంబర్‌ల ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే రోజుల తరబడి పనులన్నీ చేత్తోని రాసుకోవాల్సి వచ్చింది. దేశంల పెద్ద దవాఖాన గతే గట్లైతే, రెండు దేశాల లెక్కలు ఒక్కకాడ కుప్ప పోస్తే ఏమైతదో ఊహించుకోండ్రి. కుప్ప పొయ్యొద్దు అని నేను మళ్ల మళ్ల అనేది అందుకే.

ఇంకో సంగతి. గుర్తింపు నంబర్ మీదనే అంతా కడితే, నంబర్ లేనోడు బయటనే ఉంటడు. కంపెనీ వదిలిపెట్టి బయట పని జేసే ఖల్లివల్లి మనుషులు మస్తు మంది. వాళ్ల ఇకామా చెల్లదు. దవాఖానకు పోవాల్నంటేనే భయం. వాళ్ల కోసం ఇచ్చే వైద్యం కాగితం వీసా ఉందా లేదా అన్నది అడగకుండ ఇచ్చేదై ఉండాలె. మన ఎంబసీ దాన్ని ముద్ర వేసి ఇయ్యగలగాలె.

అయితే ఏం కట్టాలె?

నేను పెద్ద కోటలు అడుగుతలేను. మొదటి మెట్టు చిన్నది. గల్ఫ్ నుంచి ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చే ప్రతి మనిషికి, అడిగిన ప్రతి మనిషికి, ఒక సంక్షిప్త ఆరోగ్య లెక్క చేతికి ఇయ్యాలె. రోగాలు, మందులు, పడనివి, ఒంట్ల పెట్టినవి. కాగితం మీద క్యూఆర్ కోడ్, దాని మీద అక్కడి ఆరోగ్య శాఖ డిజిటల్ ముద్ర. లెక్క రోగి చేతిలనే సరిహద్దు దాటుతది కాబట్టి రెండు దేశాల కంప్యూటర్లు ముడేసుకునే పని లేదు. ఇక్కడ ఏ పీహెచ్‌సీల అయినా స్కాన్ చేస్తే మన కొలతలల్ల, మన మందుల పేర్లతోని కనవడాలె. ఆ మనిషి ఇష్టపడితే తన ఆభాకు జోడిచ్చుకుంటడు, లేకపోతే లేదు.

రెండో మెట్టు, రెండు దిక్కుల ఒక్కో దర్వాజ. మన దిక్కు డిజిటల్ మిషన్, వాళ్ల దిక్కు వాళ్ల ఆరోగ్య శాఖ. ఒక్క దేశంతోని మొదలుపెట్టినా చాలు. మెలుకువ లేకుండ క్యాజువాలిటీల పడ్డప్పుడు, మధ్యల మందులు మారినప్పుడు, చేతిల కాగితం సరిపోదు. అప్పుడు దర్వాజ అక్కెర. దానికి ఒప్పందం కావాలె, ఆ ఒప్పందంల వైద్యం, నౌకరి వేరు అన్న మాట మొదటి పేజీల ఉండాలె.

మూడోది, మన రాష్ట్రం చేయగలిగే పని. 2024ల గల్ఫ్‌ల సచ్చిపోయినోళ్ల కుటుంబాలకు ఐదు లక్షలు ఇస్తమని రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. ప్రజాభవన్‌ల ప్రవాసీ ప్రజావాణి పెట్టింది. మంచిదే. సచ్చినంక ఇచ్చేదానికి ఒక కౌంటర్ ఉన్నప్పుడు, బతికొచ్చినోనికి కూడా ఒక కౌంటర్ ఉండాలె. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ జిల్లా దవాఖానల్ల గల్ఫ్ నుంచి వచ్చినోళ్ల కాగితాలు సదివి, అరబ్బీది తర్జుమా చేసి, లెక్కల ఎక్కించే ఒక్క మనిషిని పెట్టలేమా? ఆరోగ్యశ్రీ పది లక్షల దాక పెంచిండ్రు. పాత కాగితం సక్కగ లేక మళ్ల మళ్ల చేసే పరీక్షల ఖర్చు ఆ సంచిల నుంచే పోతది కదా.

కేంద్రానికి కూడా ఒక మాట. 2023 ఆగస్టుల గాంధీనగర్‌ల జీ20 ఆరోగ్య మంత్రుల మీటింగ్‌ల మన దేశమే ముంగట నిలవడి, ప్రపంచ ఆరోగ్య సంస్థతోని కలిసి డిజిటల్ ఆరోగ్యం మీద ప్రపంచ కార్యక్రమం షురూ చేసింది. ప్రపంచానికి దారి సూపిస్తమన్నం. గల్ఫ్‌ల 90 లక్షల దాక మనోళ్లున్నరు. ముందు ఆ దారి వాళ్ల కాళ్ల కింద ఎయ్యాలె.

అది అయ్యేదాక మనం ఏం జెయ్యాలె?

ఒప్పందాలు రేపు పొద్దుగాల కావు. ఈలోపల ఇది సదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు చేయగలిగేటివి కొన్ని ఉన్నయ్. మీ నాయిననో, అన్ననో, బావనో అక్కడుంటే ఈ వారమే ఫోన్ చేసి చెప్పుండ్రి.

దవాఖాన నుంచి బయటికొచ్చేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లిష్‌ల అడగాలె. అరబ్బీది ఒక్కటే తీసుకోవద్దు. ల్యాబ్ రిపోర్ట్ ఫొటో తీసేటప్పుడు అంకె పక్కన ఉన్న కొలత పేరు కూడా రావాలె. గోలీల పట్టీ ఎనక ఉన్న అసలు మందు పేరును ఫొటో తియ్యాలె, కంపెనీ పెట్టిన పేరు ఒక్కటే కాదు. ఫైనల్ ఎగ్జిట్ కొట్టకముందే, ఇకామా నడుస్తుండగనే, అక్కడి యాప్‌ల ఉన్న రిపోర్టులన్నీ పీడీఎఫ్ దించి ఇంటికి పంపాలె. ఎగ్జిట్ అయినంక అడుగుదాం అనుకుంటే ఆలస్యం అయితది. ఇక్కడి సిమ్ బంద్ పెట్టొద్దు. ఆధార్‌కు జోడున్న నంబర్‌కు ఓటీపీ రాకపోతే ఆభా తెరుచుకునుడు కష్టం. ఆభా యాప్‌ల పాత కాగితాలు మనమే ఎక్కించుకోవచ్చు. ఏజెంటు ఆభా అడిగితే మాత్రం ఇయ్యొద్దు. వీసా మెడికల్‌కు అది అక్కెర లేదు.

ఇవన్నీ బొందలు పూడ్చే పనులే, రోడ్డు ఏసుడు కాదు. ఆ రోడ్డు అడగాల్సింది మనమే. ఓట్లు అడగొచ్చినోళ్లు గల్ఫ్ బోర్డు ముచ్చట చెప్తరు. గప్పుడు వాళ్లను ఈ ప్రశ్న కూడా అడుగుండ్రి: పోయేటోని ఎక్స్‌రే ఆన్‌లైన్‌ల రియాద్ దాక పోతున్నది గదా, వచ్చేటోని కిడ్నీ రిపోర్ట్ జగిత్యాల దవాఖాన దాక రావాలంటే మీరు ఏ దేశంతోని, ఏ సంవత్సరంల ఒప్పందం చేసుకుంటరు? దేశం పేరు, సంవత్సరం రెండూ చెప్పమనుండ్రి.